జోడీ ఉందా?

మాస్టారి విజిల్‌కి పావురాలు లేచాయి. బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నవాళ్ళు లేచారు. ఎవరిదో పరాయి బృందం కూడా ఉలిక్కిపడి తమ గైడు చుట్టూ మూగింది. కదలనిది వదిన ఒక్కతే. మ్యూజియం మెట్ల పైన నిలబడి, తలుపు మీద బిగించిన ఇత్తడి చేపను వేలితో తడుముతోంది.

"చూడు, చూడు," అన్నాడు మాస్టారు. అన్నది అక్కతో కాదు, పెళ్ళాంతో. "అందరూ వచ్చారు, మీ వదిన రాలేదు. ఆవిణ్ణి వెంటబెట్టుకు రావడం కూడా నీ వల్ల కాదా?"

ఆయన పుట్టినప్పటి నుంచీ ఆవిడ ఆయనకి అక్క. బస్సెక్కే వేళకు మాత్రం 'మీ వదిన' అయిపోతుంది. ఈ బదిలీ ఎవరు చేశారో మరదలికి తెలియదు గాని, ఈ దేశంలో విమానం దిగిన దగ్గర్నుంచీ పూటకోసారి జరుగుతోంది. డ్రిల్లు మాస్టారి ఉద్యోగానికి విరమణ వచ్చింది, విజిల్‌కి రాలేదు. ఆయన అందరికీ వినపడేలా విజిల్ ఊది, ఒక్కదానికే వినపడేలా తిడతాడు.

మరదలు మెట్లెక్కి వదిన మోచెయ్యి పట్టుకుంది.

"ఈ చేపని చూశావా?" అంది వదిన. "పొలుసులన్నీ అరిగిపోయాయి. కన్ను మాత్రం కొత్తగా ఉంది. వచ్చినవాళ్ళంతా ఒళ్ళే నిమురుతారు కాబోలు, కంట్లో ఎవరూ వేలు పెట్టరు."

"బస్సు, వదినా."

"బస్సెక్కడికి పోతుందే? వస్తున్నాగా."

వస్తూనే ఉంది. మోకాళ్ళు సహకరించక, ఎండ్రకాయలా పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతోంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆగి చుట్టూ ఉన్న లోకాన్ని చూస్తోంది. నొప్పి వల్ల ఆగుతోందో, ఆగడానికి నొప్పి ఒక సాకో, చెప్పడం కష్టం.

బస్సు గుమ్మంలో వదిన తల కనిపించగానే బ్యాంకాయన చప్పట్లు మొదలుపెట్టాడు. బ్యాంకులో పెద్ద పదవి చేసి దిగినాయన. ఏ పని మొదలుపెట్టినా వెనక నలుగురు అందుకుంటారు. బస్సంతా చప్పట్లు. వదిన చెయ్యెత్తి, సభకి వచ్చిన నాయకురాలిలా ఊపి, తాపీగా నడిచొచ్చింది. వెనకాల షాలూ, బ్యాగూ, మందుల సంచీ మోసుకొస్తున్న మరదలికి మాత్రం చెవులు కాలిపోయాయి. చప్పట్లు ఒకరికి, వాతలు ఇంకొకరికి.

"జోడీ?" అంది టూరమ్మాయి మైకులో.

అది ఈ టూరు పద్ధతి. ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పేసింది: "తలలు లెక్కపెడితే నేను పొరబడతాను. పక్కసీట్లో మనిషి ఉన్నారో లేదో పక్కనున్నవాళ్ళకి తెలిసినట్టు నాకు తెలియదు. మీ జోడీ ఉంటే బొటనవేలు ఎత్తండి." సీట్ల వీపులు ఎత్తు కాబట్టి ముందు నుంచి ఆ అమ్మాయికి కనిపించేవి వేళ్ళే. అన్ని వేళ్ళూ లేచేదాకా డ్రైవరు తాళం తిప్పడు. మాస్టారు మొదటి రోజే బ్యాంకాయన పక్కన చేరి ముందు వరుసలో క్రమశిక్షణ చూసుకుంటున్నాడు. అందుచేత మరదలికి వదిన జోడీ అయింది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. పూర్తి మొగుడు కింద విజిలేస్తుంటే, అర్ధమొగుడు మెట్ల మీద చేపలు నిమురుతుంటే, మధ్యలో ఉన్నదాని సంగతి పెద్దలు ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్న హోటల్లో టిఫిన్ల దగ్గర బ్యాంకాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వదిన అటు మూల కాఫీ మిషను ముందు నిలబడి ఉంది. ఒక్కో బొత్తామూ నొక్కితే ఏం వస్తుందో పరీక్షిస్తోంది. ఆవిడ వెనక చిన్న క్యూ తయారైంది.

"ఇవాళ సాయంత్రం పడవ," అన్నాడు బ్యాంకాయన. "దీవుల మధ్య నుంచి, గుహల లోపలికి. ఈ టూరుకి వచ్చిందే దానికోసం. అది మనకోసం ఆగదు. రేపు లేదు. మొన్న అక్కగారి పుణ్యమా అని మనం చేరేసరికి అద్దాల వంతెన మూసేశారు. ఇవాళ కూడా కోటలో తలుపులూ గొళ్ళేలూ చూస్తూ కూర్చుంటే?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్తూనే ఉన్నాను. మా ఆవిడకి చెప్తూనే ఉన్నాను."

"చెప్తే వినే వయసా అది? చిన్న డోసు పడాలి," అని బ్యాంకాయన గొంతు తగ్గించాడు. "నిన్న తోట దగ్గర చూశారుగా, బస్సు ఒక చుట్టు తిరిగి వెనక గేటు దగ్గర ఫొటోలకి ఆగింది. కోట దగ్గరా అంతే. ఆవిడ రాకుండానే కదిలిపోదాం. వెనక గేటు దగ్గర దిగి, అయ్యో, ఒకరు తక్కువయ్యారే అందాం. ఈలోగా ఆవిడ ఖాళీ స్టాండులో కాసేపు ఒంటరిగా నిలబడుతుంది. రేపటి నుంచి అందరికంటే ముందు ఎక్కి కూర్చోకపోతే నా చెవి కోయించుకుంటాను."

బ్యాంకావిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. "పాపం, పెద్దావిడ," అని కూడా అంది, నవ్వు ఆగాక.

"మాస్టారూ, మీరేమంటారు? మీ అక్కగారు కదా."

మాస్టారు మెడలోని విజిల్‌ని అటూ ఇటూ తిప్పాడు. "నాకు అక్కయినా ఒకటే, ఆఖరి బెంచీ అయినా ఒకటే. డిసిప్లిన్ అంటే డిసిప్లిన్."

"మరి జోడీ అడుగుతుందిగా ఆ పిల్ల?" అంది బ్యాంకావిడ.

అందరూ మరదలి వైపు చూశారు. ఈ టూరులో అందరూ ఒకేసారి ఆమె వైపు చూడటం అదే మొదలు.

"చెల్లెమ్మా, అంతా నీ బొటనవేలి మీదే ఉంది," అన్నాడు బ్యాంకాయన. గొంతు మెత్తబడింది. "ఇన్నాళ్ళూ ఆవిడ బరువంతా మోస్తున్నది నువ్వే. మేం చూడట్లేదనుకోకు."

ఆ మాట మరదలికి ఎక్కడో తగిలింది. చూశారన్నమాట! సొంత మొగుడి కంటికి ఆనని బరువు పరాయివాడి కంటికి ఆనింది. అవుననలేదు, కాదనలేదు. రొట్టెకి ఒకవైపు వెన్న రాసింది. మరిచిపోయి రెండోవైపూ రాసింది. ఈలోగా వదిన మూడు కప్పులతో వచ్చింది. "ఇందులో నురగ వస్తుంది, ఇందులో రాదు, ఇది ఏమిటో నాకే తెలియదు. నువ్వు తాగి చెప్పు," అని ఒకటి మరదలి ముందు పెట్టింది.

కోట కొండ మీద ఉంది. గేటు బయట బస్సుల స్టాండు, లోపల మెట్లు, ఆ పైన మళ్ళీ మెట్లు. తుపాకుల గది, సింహాసనం గది చూసుకుని జనమంతా ఫొటోల కోసం పరిగెత్తారు. వదిన వంటశాలలో ఆగిపోయింది. అక్కడ చూడటానికేమీ లేదు. నేలలో ఒక బావి, చుట్టూ రాతి ఒర. తాడు రాసుకుని రాసుకుని ఒర మీద గాళ్ళు పడ్డాయి. వదిన వంగి ఒక గాడిలో వేలు పెట్టింది. వేలు మొత్తం దిగిపోయింది.

"ఎంతమంది ఎన్నాళ్ళు తోడితే రాయి ఇంత అరగాలి! సింహాసనం మాత్రం ఎక్కడా అరగలేదు, చూశావా?"

మరదలు చూడలేదు. గుమ్మం వైపు చూస్తోంది.

"వదినా, నేను ముందు వెళ్తాను. మీరు మెల్లగా రండి."

"వెళ్ళు. నేను ఆ పైనున్న గోడ దగ్గర కాసేపు కూర్చుంటాను. ఇవాళ మోకాళ్ళు చెప్పిన మాట వినట్లేదు. వాడు విజిల్ ఊదగానే దిగొచ్చేస్తా. బ్యాగు నువ్వే ఉంచు, భుజం లాగుతోంది."

"ఊఁ," అంది మరదలు.

బస్సులో అందరూ అప్పటికే ఎక్కేశారు. బెల్లు కొట్టకముందే బడిలో కూర్చున్న పిల్లల్లా, మూతులు బిగించుకుని ఉన్నారు. మాస్టారి మెడలో విజిల్ లేదు. చొక్కా జేబులోకి వెళ్ళిపోయింది. మరదలు పక్కసీట్లో వదిన బ్యాగు పెట్టింది, దాని మీద షాలు కప్పింది. కప్పాక అది మరీ మనిషిలా కనిపించి, షాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"జోడీ?"

వేళ్ళు లేచాయి, ఒకటి తర్వాత ఒకటి.

"వెనక ఆంటీ? మీ జోడీ ఉన్నారా?"

మరదలు గేటు వైపు చూసింది. ఇప్పుడు వదిన ఆ గేట్లోంచి ఎండ్రకాయలా బయటికొస్తే ఈ నాటకం దానంతటదే ఆగిపోతుంది. ఒక్క అడుగు కనిపించినా చాలు, వేలు ఎత్తక్కర్లేదు. ఎవరెవరో బయటికొచ్చారు. వదిన రాలేదు. ముందు వరుసలోంచి బ్యాంకాయన నున్నటి తల నడవలోకి వంగి కొద్దిగా వెనక్కి తిరిగింది. చప్పట్లు గుర్తొచ్చాయి. మెట్లు గుర్తొచ్చాయి. 'అది కూడా నీ వల్ల కాదా' గుర్తొచ్చింది.

వేలు లేచింది. ఆమె లేపినట్టే లేదు, దానంతటదే లేచింది. కానీ వేలు ఆమెదే.

బస్సు కదిలింది. ఎవరో ఇకిలించారు. కోటగోడ పక్కన ఒక వంపు తిరిగింది, ఇంకో వంపు తిరిగింది. గోడ వెనకబడిపోయింది. రోడ్డు కిందికి జారుతోంది.

"వెనక గేటు ఎంత దూరం?" అని అడిగాడు మాస్టారు, ఏమీ ఎరగనట్టు.

"వెనక గేటా? ఈ కోటకి ఉన్నది ఒకటే గేటు సార్," అంది టూరమ్మాయి సంతోషంగా. "ఇటు దిగితే సొరంగం, సొరంగం దాటితే తిన్నగా రేవు. ఇవాళ అందరూ ఎంత బాగా టైముకొచ్చారు! పడవ దగ్గరికి మనమే ముందు చేరతాం."

బస్సు సొరంగంలోకి దూరింది.

పచ్చటి దీపాలు వరసగా మొహాల మీద నుంచి జారిపోతున్నాయి. ఒక దీపంలో బ్యాంకాయన నోరు తెరిచి ఉంది. తర్వాతి దీపంలోనూ తెరిచే ఉంది.

"ఆపండి," అన్నాడు మాస్టారు.

"ఇందులో ఆపకూడదు సార్. ఏమైంది?"

"మా అక్క... మా అక్క లేదు."

టూరమ్మాయి సీట్లు పట్టుకుంటూ వెనక్కొచ్చింది. బ్యాగుని చూసింది. బ్యాగు పక్కనున్న మరదలిని చూసింది.

"ఆంటీ, ఉన్నారన్నారు కదా?"

మరదలు నోరు తెరిచింది. ఆమె కంటే బ్యాంకాయన నోరు ముందు కదిలింది. "ఎక్కారమ్మా, నేను కళ్ళారా చూశాను. ఎక్కి, మళ్ళీ దిగినట్టున్నారు. బాత్రూముకేమో."

"ఆఁ, ఆఁ," అన్నాడు మాస్టారు. "మా అక్కకి అది అలవాటే."

టూరమ్మాయి ఫోన్ కలిపింది. వదిన ఫోన్ మోగింది. సీట్లో, బ్యాగులో, మరదలి మోచేతి కింద మోగింది. హుషారైన పాట. పాట మొత్తం పాడి, అదే ఆగింది.

సొరంగంలోంచి బయటపడినా వెనక్కి తిరగడానికి దారి లేదు. అన్నీ ఒకవైపు రోడ్లే. ఊరు చుట్టి, నదిమీద వంతెన దాటి, అటు నుంచి కొండెక్కాలి. టూరమ్మాయి డ్రైవరుకి చెప్పింది. అతను స్టీరింగు మీద అరచేత్తో కొడుతూ ఏదో అన్నాడు. భాష తెలియకపోయినా తిట్టు తెలుస్తుంది. వంతెన మీద వాహనాలు ఆగిపోయి ఉన్నాయి. కింద, తెల్లటి పడవ జెండాలు ఊపుకుంటూ రేవు వదిలింది. బస్సంతా కిటికీలకి అతుక్కుని దాన్ని చూసింది.

"పోయింది," అన్నాడు వెనక సీటాయన. "ఒక్కావిడ కోసం ఇంతమందికి పోయింది."

"చెప్పకుండా దిగిపోవడమేమిటండీ, చోద్యం కాకపోతే!" అంది బ్యాంకావిడ. నిజంగానే కోపంగా అంది.

మరదలు ఆశ్చర్యంగా చూసింది. సొరంగంలో ఎక్కిన అబద్ధం వంతెన దగ్గరికొచ్చేసరికి సీటు చూసుకుని నిజమై కూర్చుంది. ఇప్పుడు దాన్ని లేపడం ఎవరి తరం? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లులన్నీ తమ పడవ పోయిందని ఎలుకనే తిడుతున్నాయి.

మరదలు బ్యాగుని ఒళ్ళోకి తీసుకుంది. అందులో ఫోన్ ఉంది. హోటల్ చిరునామా ఉన్న కార్డు ఉంది. సాయంత్రం వేసుకోవాల్సిన రక్తపోటు బిళ్ళ ఉంది. అంటే వదిన దగ్గర ఇవేవీ లేవు. ఈ దేశంలో ఆవిడకి తెలిసిన మాటలు కాఫీ మిషను మీద ఉన్నవే. ఎండ పచ్చబడుతోంది. కోట ఏ వేళకి మూస్తారో ఎవరికీ తెలియదు. అడగడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. బ్యాగు పట్టీని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. అదే వేలికి.

బస్సు స్టాండు చేరేసరికి అక్కడ ఒక్క బస్సూ లేదు, ఒక్క మనిషీ లేడు. కాపలా అతను గేటుకి గొలుసు లాగుతున్నాడు. టూరమ్మాయి అతన్ని బతిమాలుతుండగానే మరదలు గొలుసు కింద నుంచి వంగి లోపలికి పరిగెత్తింది. మాస్టారు జేబులోంచి విజిల్ తీశాడు. నోట్లో పెట్టుకున్నాడు గాని చప్పుడు రాలేదు. ఊదడానికి ముందు ఊపిరి ఉండాలి.

వంటశాలలో లేదు. బావి దగ్గర లేదు. మరదలు బావిలోకి తొంగిచూసింది. చూసినందుకు తననే తిట్టుకుంది. మెట్లు. మళ్ళీ మెట్లు. పైన గోడ.

వదిన గోడకి చేరగిలబడి, బూట్లు విప్పి పక్కన పెట్టి, రాతి మీద కాళ్ళు చాపుకుని ఉంది.

"వదినా!"

"వచ్చావా," అంది వదిన. తల తిప్పలేదు. "ఇక్కణ్ణుంచి స్టాండంతా బాగా కనిపిస్తుంది. బస్సు వెళ్ళడం చూశాను. మొదట మనది కాదనుకున్నాను. నా జోడీ వేలెత్తితే గాని మన బస్సు కదలదు కదా, ఇది ఎవరిదో అనుకున్నాను. తర్వాత చూద్దును కదా, మనదే."

మరదలు మోకాళ్ళ మీద కూర్చుని బూటు తీసుకుంది. లేసులు వేళ్ళకి దొరకడం లేదు.

"నీచేత ఎవరో ఎత్తించి ఉంటారు అనుకున్నాను," అంది వదిన. "ఎవరా అని ఆలోచించాను. ఆలోచించుకోవడానికి బోలెడు తీరిక దొరికింది."

మరదలికి మంచి దారి కనిపించింది. బ్యాంకాయన ఉన్నాడు, మాస్టారు ఉన్నాడు, వెన్న రాసిన రొట్టె ఉంది. అవునంటే చాలు.

"ఎవరూ ఎత్తించలేదు వదినా. చెప్పినవాళ్ళు చెప్పారు. ఎత్తింది నేనే."

వదిన బూట్లోకి పాదం దూర్చింది.

"బిళ్ళ ఇవ్వు," అంది. "వేళ దాటింది. తల దిమ్ముగా ఉంది."

ఆవిడ సీసా ఎత్తి నీళ్ళన్నీ ఆపకుండా తాగేసింది. ఇన్ని రోజుల్లో ఆవిడ దేన్నీ ఇంత తొందరగా చెయ్యగా మరదలు చూడలేదు.

బస్సులో ఈసారి చప్పట్లు లేవు. బ్యాగుతో ముందు ఎక్కిన మరదలు వెనక తమ సీటు చేరుకుంది. వదిన మెట్లెక్కి, ముందు వరుస దగ్గర ఊపిరి కోసం ఆగింది. టూరమ్మాయి మొహం ఉబ్బి ఉంది.

"ఆఫీసుకి చెప్పాలి," అంది. "మనిషిని వదిలేసి వెళ్ళానంటే రేపటి నుంచి నాకు పని ఉండదు. అమ్మా, మీరు బస్సెక్కారా? ఎక్కి దిగారా?"

"అదేగా నేనూ చెప్పేది," అన్నాడు బ్యాంకాయన. "ఎవరి తప్పూ లేదు. పెద్దావిడ, ఏదో అవసరం పడి దిగారు. వారు ఒక్క మాట అంటే నీ ఉద్యోగానికి ఢోకా లేదు. అంతే కదండీ అక్కగారూ?"

వదిన ఆయన్ని చూసింది. తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు డ్రైవరు అద్దం చూస్తున్నాడు. తొందరేమీ లేనట్టు, మెట్టు మీద ఆగినట్టు, ఆగింది.

"ఆవిడ ఎక్కలేదు," అంది మరదలు వెనక నుంచి. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. "ఎక్కలేదని తెలిసే వేలెత్తాను. ఆఫీసుకి అదే చెప్పమ్మా. నా పేరే చెప్పు."

ఇప్పుడు అందరూ ఒక్కొక్కరుగా, నిజమే, మేమూ ఉన్నాం అంటారనుకుంది. ఎందుకనుకుందో ఆమెకే తెలియదు.

"అయ్యయ్యో!" అంది బ్యాంకావిడ, బుగ్గ మీద చెయ్యి వేసుకుని. "సొంత ఆడపడుచునా?"

"ఇంటి గొడవలు బస్సులోకి తెస్తే ఎలా చెల్లెమ్మా?" అన్నాడు బ్యాంకాయన నొచ్చుకున్నట్టు. "మా పడవ పోయింది."

మాస్టారు తిరిగి చూశాడు. "నువ్వా?" అన్నాడు. పొద్దున్న అదే బల్ల దగ్గర కూర్చున్నవాడు, ఇప్పుడే తెలిసినట్టు, "నువ్వా!" అన్నాడు.

మరదలు ఒక్కో మొహం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. అందరూ మంచివాళ్ళయిపోయారు.

"ఒరే తమ్ముడూ," అంది వదిన. "విజిల్ ఏదిరా?"

మాస్టారి చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

"నేను నాలుగడుగులు వెనకబడితే ఊరు లేచేలా ఊదేవాడివి. ఇవాళ విజిల్ వినపడగానే దిగుదామని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అందరూ ఎక్కారు, నేను లేను. ఎందుకు ఊదలేదు?"

మాస్టారి మెడ మీద చెమట పోసింది.

"మీ ఆవిడ తను చేసింది చెప్పింది. నువ్వు చేసింది నువ్వు చెప్పు."

"బ్యాంకాయన..."

"నేను బ్యాంకాయన్ని అడగలేదు."

బ్యాంకాయన బూటు లేసు సరిచేసుకోవడానికి వంగాడు. అది విప్పుకోలేదు. అయినా వంగే ఉన్నాడు.

"తెలుసక్కా," అన్నాడు మాస్టారు. రెండో వరుస దాటి వినపడలేదు. "నువ్వు లేవని తెలుసు."

టూరమ్మాయి ముక్కు తుడుచుకుని, ఫోన్ పట్టుకుని కిందికి దిగింది. కిటికీ కింద నిలబడి ఆఫీసుకి జరిగింది చెప్పింది.

వదిన నడిచొచ్చి సీటు దగ్గర నిలబడింది. కిటికీ పక్కనున్న మరదలు ఇంకాస్త లోపలికి జరిగి చోటు ఇవ్వబోయింది.

"చోటు కాదు. లే," అంది వదిన. "కిటికీ పక్కన నేను కూర్చుంటాను."

మరదలు లేచి నిలబడింది. వదిన సీటు పట్టుకుని, ఒక కాలు, ఆగి, ఇంకో కాలు లోపలికి తీసుకుంది. కూర్చుంది. షాలు అందిస్తే తీసుకుంది. మరదలు ఇవతల సీట్లో సర్దుకుంది. టూరమ్మాయి వచ్చి జోడీ అడిగినప్పుడు వేళ్ళు చాలా ఆలస్యంగా లేచాయి. ఒక్కొక్కరూ పక్కవాళ్ళని తడిమి చూసుకుని మరీ ఎత్తారు.

బస్సు కొండ దిగింది. సొరంగం దాటాక నడవ మీద ఎర్రటి వెలుతురు పడింది. రోజూ ఈ వేళకి వదిన ఆ పూట చూసినవన్నీ వరసపెట్టి చెప్పేది, వినేవాళ్ళకి ఆవలింతలొచ్చేదాకా.

"పైన ఇంకా ఏం చూశారు వదినా?" అంది మరదలు మెల్లగా.

"చెప్పను," అంది వదిన. "ఆగి ఉంటే నువ్వే చూసేదానివి."

కాసేపటికి బస్సులో అందరి తలలూ వదిన కిటికీ ఉన్న వైపు తిరిగాయి.

"సముద్రం కనిపిస్తోందా?" అంది మరదలు.

"బ్రహ్మాండంగా కనిపిస్తోంది."

వదిన తల అడ్డంగా ఉంది. మరదలు జరగమనలేదు.